కూరెకుప్ప కళ్లం మీద గోల్ఫు

గని సర్వేయరుగా స్వచ్ఛంద విరమణ తీసుకోవడానికి ముందు ఏడాది, శ్రావణ మాసంలో, కూరెకుప్ప దగ్గర మా కంపెనీ క్లబ్బుకు తొమ్మిది గుంతల గోల్ఫు మైదానం గీసే పని నాకు అప్పగించారు. అర్హత ఏమిటంటే, ఆ చుట్టుపక్కల గోల్ఫు కర్ర పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. నా హ్యాండిక్యాప్, అంటే ఆటగాడి బలహీనతను బట్టి ఇచ్చే మినహాయింపు, పద్నాలుగని చెప్పుకునేవాణ్ణి. ఇరవై ఎనిమిదని ఇప్పుడు ఒప్పుకుంటే నష్టం లేదు.

షరతు ఒకటే. మాఘంలో చైర్మనుగారు వచ్చి ఆడి, బాగుందంటే మైదానం నిలుస్తుంది. లేదంటే ఆ నేల ఖనిజం లారీల స్టాండుకు పోతుంది.

గుంత చుట్టూ బంతి దొర్లే నున్నటి గడ్డిపట్టును గ్రీన్ అంటారు. మా గ్రీన్లకు గరిక నాటించి, ఆరు నెలలు ట్యాంకరు నీళ్లతో సాకాను. ప్రారంభానికి మూడు రోజుల ముందు, కలుపు కూలీల మేస్త్రీ హంపమ్మకు పెద్దమనుషులు వస్తున్నారని, అంతా శుభ్రం చేయించమని చెప్పి, జెండాల కోసం బళ్లారి వెళ్లాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి తొమ్మిది గ్రీన్లకూ గుండు కొట్టించినట్టుంది. గరిక వేళ్లతో సహా గట్టున కుప్పలుగా పడి ఉంది.

"ఏం చేశావమ్మా?" అన్నాను.

"కలుపు తీస్తిమి సారూ. గరిక ఇంత బలిసేదాకా ఏం చేస్తాండారప్పా మీరు?"

"అది నేనే నాటించాను."

హంపమ్మ కూలీల వైపు తిరిగింది. "వింటిరా? గరిక నాటినాడంట! నీళ్లు గూడా పెట్టినాడంట!"

వాళ్ల నవ్వులు ఆగేదాకా ఉండి, లారీల సంగతి చెప్పాను. ఆమె ముఖం మారింది. పక్క చేను ఆమెదే.

"లారీలొస్తే నా మిరప మీద దుమ్మే దుమ్ము. బంతి దొర్లాల, అంతే గదా? కళ్లం చేస్తాం, ఉండప్పా."

రెండు రోజుల్లో నీళ్లు చల్లి, రాతి గుండు దొర్లించి, ధాన్యం నూర్చే కళ్లం మాదిరి పేడతో అలికారు.

మూడో గ్రీన్ మీద చైర్మనుగారు మెల్లగా తట్టిన బంతి అరవై అడుగులు దొర్లి, గుంత అంచున కాసేపు ఆలోచించి, లోపల పడింది. నూరడుగులని రాసేవాణ్ణే, కానీ సాక్షులింకా బతికే ఉన్నారు. ఆయన జన్మలో అంత దూరం నుంచి బంతి వేసి ఎరగరట. వాసనేమిటని అడిగారు. సేంద్రియ పద్ధతి అన్నాను. లారీల స్టాండు ఇంకో చోటికి పోయింది.

విరమణ తర్వాత మరో మూడు మైదానాలు గీశాను. ప్రతిచోటా ప్లాను మేనేజర్ల కంటే ముందు కలుపు కూలీలకు చూపిస్తాను. ఏది పీకకూడదో అక్కడే తేల్చుకోవాలి.