కోటు మడత వెనుక పసుపు పువ్వు

ముందు గోడ పలికేది. పొయ్యి వెనుక ఇటుకల మీద ఇనుప ఊచతో రెండు దెబ్బలు. టీ పెట్టాను, రా అని. ఆ తరువాతే పక్కింటి హిల్డా థాక్రే, తన పెరటి గుమ్మంలో, పిండి అంటిన చేతులతో.

మా యార్క్‌షైర్ గని ఊళ్లో ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉంటాయి. హిల్డాకు ఒక పక్క నేను, మరో పక్క డోరీన్ మాసప్.

హిల్డా తండ్రి గనిలో దిగిన మనిషే, అయినా కన్సర్వేటివ్ పార్టీవాడు. ఏటా ఏప్రిల్ పంతొమ్మిదిన, ఆ పార్టీ పాతకాలపు ప్రధాని డిజ్రేలీ పోయిన రోజున, ఆయనకిష్టమైన పసుపు ప్రిమ్‌రోజ్ పువ్వు కోటుకు గుచ్చుకునేవాడు. పట్నాల్లో కూలివాడికి ఓటిచ్చిందీ, సమ్మెకారులు గేటు ముందు నిలబడితే నేరం కాదన్నదీ ఆయన పార్టీయేనని కూతురికి చెప్పేవాడు. ఆ పార్టీ ప్రధానులు బాల్డ్విన్, చర్చిల్, మాక్మిలన్ పేర్లు ఆమెకు మేనమామల పేర్లలా అలవాటయ్యాయి. ఆ వరసలోనే థాచర్‌కూ ఓటేసింది.

తరువాత, థాచర్ ప్రభుత్వం గనులు మూసేస్తామనడంతో, గనివాళ్ల పెద్ద సమ్మె వచ్చింది. ఆ చలికాలమంతా హిల్డా, డోరీన్ పక్కపక్కన నిలబడి సమ్మె వంటశాలలో బంగాళాదుంపల తొక్క తీశారు.

"ఆవిడకి మన వీధిలో ఎవతైనా ఓటేసుంటే, దాని తల కూడా ఇలాగే గీకేస్తా!" అనేది డోరీన్, కత్తి ఊపుతూ. అందరూ నవ్వేవారు. హిల్డా కూడా నవ్వేది. ముసలి మాక్మిలన్ ప్రభువుల సభలో ఆ సమ్మెను తలచుకుని గుండె తరుక్కుపోతోందన్న రోజున మాత్రం రేడియో కట్టేసి, వానలో బట్టలు ఆరేయడానికి వెళ్లింది.

తండ్రిలాగే ఏటా తనూ గుచ్చుకునే పువ్వు అప్పటినుంచి కోటు మడత వెనక్కి వెళ్లింది. తండ్రిని వదల్లేదు. డోరీన్‌కు తెలియనివ్వనూ లేదు.

చాలా ఏళ్లకు డోరీన్ భర్త క్లిఫర్డ్, ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ముతో పోయాడు. అంత్యక్రియలు ఏప్రిల్ పంతొమ్మిదినే పడ్డాయి. చర్చికి బయల్దేరుతూ డోరీన్ హిల్డా కోటు మెడ సర్దింది. వేళ్లకు పువ్వు తగిలింది.

"పిచ్చిమొద్దూ, లోపల దాచుకుంటే ఎవరికే కనిపించేది? అందరూ కొట్టు పూలు తెచ్చారు. మా క్లిఫ్‌కి పెరటి పువ్వు తెచ్చింది నువ్వొక్కదానివే."

తనే తీసి పైకి గుచ్చింది.

గని సంఘం జెండా వెనుక హిల్డా ఆ పువ్వుతో నడిచింది. దాని అర్థం ఎవరికీ గుర్తు లేదు. ముసలి గనివాళ్లు ఆమె భుజం తట్టి, "గుండె దిటవు చేసుకో తల్లీ" అన్నారు. ఆమె ముఖం కందిపోయింది. దుఃఖమనుకున్నారు.

మర్నాడు డోరీన్ సమాధి మీద నాటడానికి హిల్డా పెరట్లోని ఆ పువ్వు మొక్క అడిగింది. హిల్డా వేళ్లతో సహా తవ్వి ఇచ్చింది.

ఆ సాయంత్రం గోడ పలికింది. నేను వెళ్లేసరికి హిల్డా గోళ్లలో ఇంకా మట్టి. టీ చల్లారేదాకా ఇదంతా చెప్పింది.

"ఇప్పుడైనా చెప్పెయ్యొచ్చుగా ఆంటీ? ఇన్నేళ్లయింది. డోరీన్ ఏమంటుంది?" అన్నాను.

"ఏమీ అనదు. వాటేసుకుంటుంది. అదే నేను తట్టుకోలేను. మెల్లగా మాట్లాడవే, గోడ పల్చన."