ఐవీ పిల్కింగ్టన్ ఆఖరి మాట

ఇంగ్లండు నటీమణుల చరిత్రలు రాసే పెద్దమనుషులు లండన్ దాటి ఉత్తరానికి రారు. వచ్చి ఉంటే మోర్కమ్‌లో, సముద్రపు గాలికి రంగు వెలిసిన కొలనేడ్ థియేటర్లో ఐవీ పిల్కింగ్టన్‌ను చూసేవాళ్ళు. చూసినా గుర్తుపెట్టుకునేవాళ్ళు కారేమో. ఆమె వేషాలు అలాంటివి: తలుపు తీసే పనిమనిషి, టీ తెచ్చే పనిమనిషి, యజమాని శవాన్ని చూసి కెవ్వుమనే పనిమనిషి. కెవ్వుమనడంలో మాత్రం ఆమెకు సాటి లేదని ఊరంతా ఒప్పుకుంది.

ఐవీ బర్న్‌లీలో నేతమిల్లు కూలీల ఇంట పుట్టింది. మరమగ్గాల మోతలో మాట వినబడక మిల్లు ఆడవాళ్ళు పెదాలు సాగదీసి, కళ్ళు తిప్పి మాట్లాడుకునేవారు. ఎవరి మొగుడు ఎక్కడ తాగి పడిపోయాడో ఒక్క చప్పుడు లేకుండా మిల్లంతా తెలిసిపోయేది. తనకు నటన అక్కడే అబ్బిందని ఐవీ గొప్పగా చెప్పుకునేది. రెండో ప్రపంచయుద్ధకాలంలో సైనికుల కోసం నాటకాలాడే బృందంలో చేరింది. యుద్ధం ముగిశాక కొలనేడ్‌కు వచ్చి, అక్కడే పాతుకుపోయింది.

కొలనేడ్‌లో ప్రతి సోమవారం కొత్త నాటకం పడాలి. రాత్రి ఒకటి ఆడుతూ పగలు రెండోది నేర్చుకునేవారు. పోయినవారం మొగుడి పేరుతో ఈవారం మొగుణ్ణి పిలిచినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కారు. అంత చాకిరీ అయినా ఐవీకి ఆ రంగస్థలం చెక్కల మీద నిలబడితే చాలు, స్వర్గంలో ఉన్నట్టుండేది.

అలాంటి మనిషిని ఒక శరత్కాలపు ఉదయం కడ్‌వర్త్ తన గదికి పిలిచాడు. థియేటర్ మేనేజరూ ఆయనే, దర్శకుడూ ఆయనే. కోపం ముక్కు మీదే ఉంటుంది, మనసు ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు.

"ఐవీ, నీకు నలభై దాటాయి. పనిమనిషి వేషాలకి ఒక చిన్నపిల్ల దొరికింది. నువ్వు టికెట్ల కిటికీలో కూర్చో. వెచ్చగా ఉంటుంది."

"కిటికీలోనా? అక్కడేం నటించమంటారు సార్?"

"టికెట్లన్నీ అయిపోయినట్టు నటించు. మన దగ్గర ఆ వేషం ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు."

ఐవీ నవ్వలేదు, కదల్లేదు. కడ్‌వర్త్ కాగితాలు తిరగేశాడు, చుట్ట వెలిగించాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. తిరిగి చూస్తే ఆమె అక్కడే ఉంది.

"సరే, నా ప్రాణం తియ్యకు. సోమవారం నాటకంలో ముసలి దాసి హన్నా వేషం నీకిస్తున్నా. తెరపడే ముందు ఆఖరి మాట హన్నాదే. అది పండిందా, ఈ చలికాలమంతా వేషాలు వేసుకో. పండలేదా, కిటికీ!"

ఆ నాటకం సంగతి చెప్పాలి. కొండ మీద ఒక పాడు కొంప. అందులో ఒకరినొకరు పీక్కుతినే ఒక కుటుంబం. అంకానికి ఒకరిద్దరు చొప్పున పోతారు. చివరికి ఇంటి యజమానురాలు కూడా కుర్చీలోనే కన్నుమూస్తుంది. ముప్ఫై ఏళ్ళు వాళ్ళ తిట్లు తిన్న హన్నా ఆమె మీద దుప్పటి కప్పి, దీపం తగ్గించి, "ఈ ఇంటికిక తెల్లవారదు" అంటుంది. తెర పడుతుంది. రాసినాయన ఏ కడుపునొప్పితో రాశాడో గాని, ఆ మాట కోసం ఏ నటైనా చెవి కోసిస్తుంది.

అయితే నాటకాలవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. ఆఖరి మాటను రిహార్సల్లో పలకకూడదు. జనం లేకుండా పలికితే నాటకం అక్కడికక్కడే పూర్తయిపోయినట్టు. పూర్తయిపోయిన నాటకానికి ఇక జనం ఎందుకొస్తారు? అందుకని ఆ చోట ఏదో ఒక కూనిరాగం తీసి ఊరుకుంటారు. ఐవీ కూడా రోజూ దీపం తగ్గించి, "తంతన తంతన తం" అని ఆపేసేది.

మనసాగక బసలో అద్దం ముందు నిలబడి ఒకసారి అసలు మాట అనబోయింది. ఇంటావిడ మిసెస్ బూత్రాయిడ్ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏయ్ పిల్లా, నా ఇంట్లోనా! ఇదివరకు ఇక్కడ దిగిన సన్నమీసాల నటుడు నా స్నానాలగదిలో ఇలాగే అన్నాడు. మంగళవారానికల్లా నాటకం మూతపడింది. నా నీళ్ళ బాయిలరు కూడా పేలింది!"

"ఒక్కసారి, మెల్లగా…"

"దిండులో మొహం పెట్టుకుని కూడా వద్దు. రా, చేప చల్లారిపోతోంది."

సోమవారం హాలు ఇంచుమించు నిండింది. మొదటి వరసలో మిసెస్ బూత్రాయిడ్ పిప్పరమెంట్ల పొట్లంతో కూర్చుంది. ఐవీ మాట ఎక్కడా తడబడలేదు. మూడో అంకంలో యజమానురాలి వేషం వేసిన రోజమండ్ చక్కగా చచ్చిపోయింది. ఐవీ దుప్పటి కప్పింది. దీపం తగ్గించింది. ఇంక ఒక్క మాటే. గండం గట్టెక్కినట్టే అనుకుంది, గుండె తేలికైంది, హాయిగా నోరు తెరిచింది.

"తంతన తంతన తం."

అనేశాక గాని తానేమన్నదో ఐవీకి తెలియలేదు. కిటికీ, టికెట్లు, వెచ్చటి గది అన్నీ కళ్ళ ముందు కనబడ్డాయి. అప్పుడు మొదటి వరసలోంచి మిసెస్ బూత్రాయిడ్ గొంతు లేచింది.

"పీడా విరగడైందే హన్నా!"

అంతే, హాలంతా గొల్లున నవ్వింది. ముప్ఫై ఏళ్ళ చాకిరీ తీరిన దాసి కూనిరాగం తీస్తోందని అందరికీ ఒక్కసారే అర్థమైంది. మిల్లుల్లో, హోటళ్ళలో, పరాయి వంటిళ్ళలో పనిచేసిన ఆడవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెర పడింది గాని చప్పట్లు ఆగవు. దుప్పటి కింద శవం పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

కడ్‌వర్త్ బీట్‌రూట్ మొహంతో వచ్చాడు. "అదేం మాట?"

"అలవాటైపోయి… నోరు జారింది సార్." ఐవీకి ఏడుపొచ్చింది.

ఆయన తెర సందులోంచి హాల్లోకి ఒకసారి చూసి, ఆమె వైపు తిరిగాడు.

"రేపూ అలాగే జారాలి. ఆ అసలు మాట పొరపాటున అన్నావో, కిటికీలో కూర్చోబెడతా!"

పత్రికవాడికి మాత్రం అదంతా తన ఆలోచనేనని చెప్పుకున్నాడు. చెప్పుకోనీ, మన సొమ్మేం పోయింది!

ఐవీ ఆ చలికాలమే కాదు, ఇంకా చాలా ఏళ్ళు నటించింది. టీవీలో పొరుగింటి గయ్యాళిగా కూడా వచ్చింది. కానీ నీ జీవితంలో గొప్పరోజు ఏదని అడిగితే ఇవేవీ చెప్పేది కాదు, ఆ పై సోమవారం సంగతి చెప్పేది.

ఆ వారం హాస్యనాటకం. ఆమెది మళ్ళీ పనిమనిషే, బకెట్టు పట్టుకుని రావాలి. రోజమండ్ లాంటి పెద్ద నటులు రంగం మీద అడుగుపెట్టగానే, మాట ఆడకముందే జనం చప్పట్లు కొట్టడం అక్కడి మర్యాద. ఐవీ బకెట్టుతో లోపలికి వచ్చిందో లేదో, చప్పట్లు మోగాయి. రోజమండే తొందరపడి తన వెనకే వచ్చేసిందనుకుని, ఐవీ దారి ఇస్తూ పక్కకు జరిగింది. వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"నీకేనే మొద్దూ!" అంది రోజమండ్ తెరచాటు నుంచి.

ఐవీ బకెట్టు కింద పెట్టి, జనం వైపు తిరిగింది.