వేడి లేని బోర్డు

నల్లగొండ దిక్కు నేను చదివిన పాలిటెక్నిక్‌ల ల్యాబ్ సారు, ప్రోగ్రాంల తప్పులు పట్టే డీబగ్గర్ కలిపే ముందు బోర్డు మీది చిప్‌ను వేలితోని ముట్టి వేడి చూస్తుండె. ల్యాబ్‌ల మిగిలిన ఆఖరి బోర్డుకు ప్లస్, మైనస్ వైర్లు ఉల్టా పెట్టి కాల్చింది నేనే. కాలేజోళ్లు మళ్ల కొనలె. ఇగ కంప్యూటర్ల నడిచే ఉత్తుత్తి బోర్డే దిక్కయింది.

"డీబగ్గర్ కలిపేదాంక బోర్డును ఆగుమను, లేకుంటె ప్రోగ్రాం ముందే ఉరుకుతది" అని సారు ప్రతి బ్యాచ్‌కు అలసిన గొంతుతోని గదే చెప్పుకుంట, ఖాళీ బల్లను వేలితోని ముడుతుండె.

"సార్, ఆడ చిప్ లేదు గద?" అన్న ఒకపారి.

"ఎరుకనే బిడ్డా. చెయ్యి ఇంటలేదు."

ఆయన రిటైరైనంక అటెండర్ చెప్పిండు. బోర్డెవరు కాల్చిన్రని ప్రిన్సిపాల్ అడిగితె, "నేనే" అని రాసిచ్చిండట.