ఆ మోకు నాది

పోయిన మంగళవారం మా వియ్యంకుడు కాలం చేశాడు. నా కోడలి తండ్రి. పోయినవాడి మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు మూడేళ్ళుగా ఉంది, పెట్టుకుంటాను. శాన్ రామన్‌లో ఆయన బీరు పోసిన గ్రోసరీ స్టోర్ గోడకి వేలాడుతున్న మోకు నాది.

తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. నడుముకీ తాటిచెట్టుకీ కలిపి వేసుకుని పైకెక్కే తాడు మోకు. ఊళ్ళో నేను చెట్టెక్కి కల్లు దించేవాణ్ణి. ఆయన కింద దుకాణంలో కూర్చుని పోసేవాడు. స్టూలెక్కినా ఆయనకి కాళ్ళు వణికేవి. పిల్లల దగ్గరికని ఇద్దరం అమెరికా వచ్చాం. ఈ దేశంలో ఎక్కేవాడితో పని లేదు, పోసేవాడితోనే పని.

ఇక్కడ పెద్ద పెద్ద చైన్ షాపులు ఎక్కడెక్కడో చిన్నచోట్ల కాచిన బీరు తెప్పించి, కూరగాయల పక్కనే బల్లలు వేసి, కుళాయి తిప్పి గ్లాసుల్లో పోయడం మొదలుపెట్టాయి. ఆయన అప్పటికి ఆ షాపులో సామాన్లు సర్దేవాడు. గ్లాసు వంచి పట్టుకున్న తీరు చూసి మేనేజరు కుళాయిల దగ్గర నిలబెట్టాడు. కొత్త పీపా తెరిస్తే మొదటి చుక్కలు ఎల్లమ్మ తల్లికని నేల మీద చిలకరించేవాడు. "నురగ అబద్ధమాడదు" అనేవాడు. తెల్లవాళ్ళు పేరు పెట్టి పిలిచి చేయి కలిపేవారు. నేను పక్కన కోడలికి కూరగాయలు కొనే బండి పట్టుకుని నిలబడేవాణ్ణి.

గోడకి మీ ఊరి వస్తువేదైనా తెమ్మని మేనేజరు అడిగాడట. నేను ఊరి నుంచి తెచ్చుకున్న మోకు మా బావ పట్టుకెళ్ళాడు. దాని కింద ఆయన ఫోటో పెట్టారు. చూసినవాళ్ళందరూ చెట్టెక్కింది ఆయనే అనుకున్నారు.

"ఎక్కింది నేనని ఒక్క మాట చెప్పొచ్చు గదా బావా" అన్నాను.

"నాకంత ఇంగ్లీషు యాడొస్తది బావా" అన్నాడు. అప్పుడే ఒకామెకి అరగంట సేపు బీరు గురించి ఇంగ్లీషులో చెప్పి వచ్చాడు!

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఏ కొత్త బీరు వచ్చినా నాకు గుక్కెడు పోసి, "నీ నాలుక చెప్పాలె బావా" అనేవాడు. ఒకరోజు ఒకటి నోట పోసుకుని, "పులిసింది, పారబొయ్యి" అన్నాను. మారు మాట లేకుండా పీపా అంతా సింకులోకి వదిలేశాడు. తీరా అది పుల్లగా ఉండాలనే కాచిన బీరట. షాపులో అన్నిటికన్నా ఖరీదైనదట. మేనేజరు అందరి ముందూ కేకలేశాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆయన నా వైపు చూడను కూడా లేదు. "సారీ, మై మిస్టేక్" అన్నాడు. వారం పాటు మళ్ళీ సామాన్లు సర్దించారు. నేను నోరు విప్పలేదు.

నా గొప్ప ఆయన దగ్గరే ఉండిపోయింది. నా తప్పు కూడా.

ఇప్పుడు మోకు కింద పూలు పెట్టారు. ఆయన గుర్తుగా అది ఎప్పటికీ అక్కడే ఉంటుందని మేనేజరు మా కోడలితో అన్నాడట. నాకు అక్షరాలు అంతంతమాత్రం, ఇంగ్లీషు అసలే రాదు. ఇది వింటున్న మీలో చదువుకున్నవాళ్ళెవరైనా వెళ్ళి ఆ మేనేజరుతో చెప్పండి. పోసింది మా బావ, ఎక్కింది నేను, ఆ పీపా పులిసిందన్నది కూడా నేనే. ఈ మూడు ముక్కలూ రాసి దాని కింద పెట్టాలి. లేదా నా మోకు నాకిచ్చెయ్యాలి. ఎవరిదో అనుమానముంటే, నా నడుము ఒరిసి ఒరిసి నల్లగా నున్నబడిన చోటుంటుంది, చెయ్యి పెట్టి చూసుకోమనండి. ఈ శుక్రవారం ఆయన పదకొండో రోజు. ఆ సాయంత్రంలోగా నాకు జవాబు కావాలి.