కొరియాకు పంపిన బొంతలు

కొరియాలో యుద్ధం సాగుతున్న రోజుల్లో, పిడుగురాళ్ల దగ్గర మా ఊరి క్రైస్తవ సంఘానికి నేను కార్యదర్శిని. ఆ యుద్ధం ఆగాలని ప్రతి ఆదివారం ప్రార్థించేవాళ్లం. ఒక చలికాలంలో, అనేక దేశాల సంఘాలు కలిసి అక్కడి నిరాశ్రయులకు కప్పుకునే బట్టలు చేరవేస్తున్నాయనీ, మనమూ పాలుపంచుకోవాలనీ పాస్టరుగారు ప్రకటించారు. అక్కడ మంచు మోకాలి లోతున పడుతుందంటే ఎవరూ నమ్మలేదు.

"అయితే పిల్లకాయలు ఎట్టా నడుస్తారంట?" అని ఒక ముసలమ్మ ఆరాధన మధ్యలోనే అడిగింది.

దుప్పట్లు కొనే స్తోమత మావాళ్లకు లేదు. పాత చీరలు పొరలుగా పేర్చి బొంత కుట్టడం మాత్రం ప్రతి ఇంటా తెలిసిన పని. వారం తిరిగేసరికి గుడి వరండాలో బొంతలు పోగుపడ్డాయి. సున్నపుబట్టీ కూలీ భార్య ఒకామె తన ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బొంతను తెచ్చి ఇచ్చింది.

వాటిని తీసుకువెళ్లడానికి నరసరావుపేట నుంచి సహాయసంఘం తరఫున ఒక ప్లీడరుగారు లారీలో వచ్చారు. పోగును చూసి ముఖం చిట్లించారు.

"పాతబట్టలు పంపితే పై దేశాలవాళ్లు మనల్ని ఏమనుకుంటారు? కొత్తవైతేనే ఎక్కిస్తాను."

నాకు ఒళ్లు మండింది. మొదటిది, ప్రకటనలో కొత్తవే కావాలన్న మాట లేదు. రెండోది, ఆ పై దేశాల సంఘాలు ఏటేటా మాకు మూటలు కట్టి పంపిన ఉన్నికోట్లు ఎవరో తొడిగి విడిచినవే. వాటిని మేము కృతజ్ఞతతో పుచ్చుకున్నాం. పుచ్చుకునేటప్పుడు లేని అవమానం ఇచ్చేటప్పుడు ఎక్కడినుంచి వచ్చింది? ఇదంతా వరుసగా చెప్పబోతుండగా ఆ బట్టీ కూలీ భార్య అందుకుంది.

"ప్లీడరుగారా, మీరు తొడుక్కున్న కోటు పై దేశాలోళ్లు పంపిన మూటల్లోదే గదా. కొత్తదేనా అది?"

"ఉతికించుకున్నానమ్మా" అన్నారాయన, గొంతు తగ్గించి.

"మేమూ ఉతుకుతాం. దానికేంది?"

వరండా అంతా నవ్వింది. చివరికి ఆయనా నవ్వారు. మాచర్ల వెళ్లి ఎల్లుండి తిరిగి వస్తాననీ, అప్పటికి ఆరినవే ఎక్కిస్తాననీ, చెమ్మ ఉంటే ఓడలో బూజు పడతాయనీ చెప్పి వెళ్లారు.

ఆడవాళ్లు బొంతలను చౌడు నీళ్లలో ఉడకబెట్టి ఉతికారు. తడిసిన బొంతను ఇద్దరు పట్టినా పిండలేకపోయారు. మరునాడంతా ముసురు. అప్పుడు బట్టీ కూలీలు వాటిని మోసుకుపోయి, బట్టీల కొట్టాల కింద తాళ్లు కట్టి, ఆ వేడికి ఆరవేశారు. మాటిమాటికీ తిరగేస్తూ, సున్నపు దుమ్ము దులుపుతూ వంతులవారీగా కాపలా ఉన్నారు.

ప్లీడరుగారు వచ్చి ఒక్కొక్క బొంతనూ అరచేత్తో అదిమి చూశారు. అన్నీ ఆరాయి, ఆమెది తప్ప. అది అన్నిటికంటే మందం.

"నడిమధ్య ఇంకా చెమ్మగా ఉందమ్మా."

"రేవుకు పోయేలోపు ఆరదా?" అని ఆమె ఆ బొంతను వదలకుండా పట్టుకుని నిలబడింది.

ఆయన కాసేపు ఆకాశం వైపు చూశారు. ముసురు విడిచి ఎండ కాస్తోంది. "ఒరేయ్, దీన్ని మూట కట్టొద్దు. మూటల పైన పరిచెయ్, దారిలో ఆరుద్ది" అని క్లీనరుకు చెప్పారు.

లారీ కదిలాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, మూటలు కట్టగా గోనెలు ఏమన్నా మిగిలినయ్యా? రాత్రికి పిల్లలకు కప్పాల."

మా ఇంటి దుప్పటి తెచ్చిస్తానన్నాను.

"నీ పిల్లలకు చలెయ్యదా ఏంది?" అని, రెండు గోనెలు ఏరుకుని, దుమ్ము దులిపి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.