ఉరిమితే మెయిన్ బంద్

నిన్న ఉరుము వినబడగానే మా ఆయన పరుగున వెళ్లి టీవీ ప్లగ్ పీకేశారు. నాకు మన హెడ్మాస్టర్ గుర్తొచ్చి ఒళ్లు మండింది. భద్రాచలం అడవి పక్క మన బళ్లో చదివినవాళ్లూ, మీకూ మండుతుందా?

తొంభైల్లో బడికి వచ్చిన ఒకే ఒక్క కంప్యూటర్ మీద సుజాత మేడం మనకు అకౌంట్స్ నేర్పాలి. కాళ్లు కడుక్కుని గదిలోకి వెళ్లేవాళ్లం. లెక్క సగానికొచ్చేసరికి ఎక్కడో చిన్న మబ్బు కనబడేది, హెడ్మాస్టర్ మెయిన్ స్విచ్ దించేసేవారు. టైపు కొట్టిందంతా పోయేది. మర్నాడు మళ్లీ మొదటినుంచి! ఏడాదంతా ఇదే గోల.

ప్రాక్టికల్ పరీక్ష రోజు కూడా ఉరిమింది. అప్పుడు కంప్యూటర్ ముందున్నది గూడెం నుంచి నడిచొచ్చే మన ముత్తమ్మ. మేడం వెళ్లి స్విచ్‌కి అడ్డంగా నిలబడింది.

"ఏందమ్మా గిట్ల? మిషన్ కాలితే ఎవరు జవాబు చెప్తరు?" అన్నారు హెడ్మాస్టర్.

"పిల్ల ఫెయిలైతే ఎవరు చెప్తరు సార్? ఒక్క లెక్కన్న పూర్తిగ చెయ్యనిచ్చిండ్రా?"

ఆయన పక్కనుంచి చెయ్యి చాపి స్విచ్ దించనే దించారు. తెర నల్లబడింది. మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడేం చేస్తవమ్మా?" అని పరీక్ష పెట్టడానికొచ్చిన సార్ ముత్తమ్మను అడిగారు.

"మబ్బు పోయినంక మళ్ల మొదటినుంచి కొడత సార్. మాకు గిది అలవాటే."

ఆ సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సాయంత్రానికి మబ్బు విడింది. పోయిన లెక్కల్ని మర్నాడు జ్ఞాపకం మీద కొట్టడం అలవాటైన ముత్తమ్మ, ఈసారీ ప్రశ్నపత్రం వైపైనా చూడకుండా లెక్క మొత్తం టకటకా కొట్టేసింది. ఆ సార్ ఆశ్చర్యపోతుంటే, హెడ్మాస్టర్ ముందుకొచ్చి గర్వంగా అన్నారు:

"మా దగ్గర ప్రాక్టీస్ గట్టిగ చేయిస్తం సార్."