సాయంత్రం ఆరింటికి పాదాలు

హెలికాప్టర్ మమ్మల్ని ఉదయం తొమ్మిది నలభైకి సరిహద్దు మంచుకొండల మీది ఆర్మీ పోస్టు దగ్గర దింపింది. రెక్కలు ఆపలేదు. అరనిమిషంలో దూకాలి, సామాను లాక్కోవాలి. ఎత్తు పద్దెనిమిది వేల అడుగుల పైమాట. చలి మైనస్ ఇరవై ఎనిమిది. ఆరుగురం. తొంభై రోజుల డ్యూటీ. విశాఖలో పెరిగినవాడికి ఐసు అంటే హార్బర్లో చేపల మీద పోసేదే. ఇక్కడ మేమే చేపలం.

వైర్‌లెస్ ఆపరేటర్‌దీ మా ఊరే. పాతనగరంలో వాళ్ళ నాన్నకు తాళాల దుకాణం. నాది కంచరపాలెం. పోస్టు కమాండర్ అనంతపురం వైపు సుబేదార్. మొదటి రోజే ఇద్దరిద్దర్ని జత చేశాడు. నా జతగాడు ఆ ఆపరేటరే; అందరం వాణ్ణి వైర్‌లెస్ అనేవాళ్ళం. ఆర్డరు ఒక్కటే.

"ఎవని కాళ్ళు వాడు చూసుకొని బాగుండాయని చెప్పేది లేదు. జతగాడు చెప్పల్ల. దినామూ సాయంత్రం ఆరింటికి."

ఆరింటికి బూట్లు విప్పాలి. మూడు జతల మేజోళ్ళు తియ్యాలి. ఒకడు టార్చి పట్టుకుని రెండోవాడి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కాలి. తెల్లబడిన చోటికి రక్తం తిరిగొస్తే సరే, లేకపోతే చలికి ఆ వేలు చచ్చినట్టే. ఆ వెంటనే కింద బేస్ నుంచి సెట్‌లో అడిగేవారు.

"పాదాలు?"

"ఓకే. ఓవర్."

నలభై ఒకటో రోజు తుపాను. పడిపోయిన ఏంటెన్నా నిలబెట్టడానికి వైర్‌లెస్ రెండు గంటలు బయటే ఉన్నాడు. బంకర్లోకి వచ్చి మూల కూర్చున్నాడు.

"నా కాళ్ళు ఓకే బావా. ఒగ్గీ."

"ఇప్పు ముందు."

ఎడమకాలి రెండు వేళ్ళు కొవ్వొత్తుల్లా ఉన్నాయి. నొక్కితే తెలియడం లేదు. కోటు గుండీలు తీసి ఆ పాదాన్ని నా పొట్టకు ఆనించుకున్నాను. ఎనభై నిమిషాలు. రక్తం తిరిగొచ్చేటప్పటి నొప్పికి ఉర్దూలో, తెలుగులో నన్ను తిట్టాడు, ఏడ్చాడు. తర్వాత గోళ్ళు రాలాయి. వేళ్ళు నిలిచాయి.

ఆ రెండు వేళ్ళూ నావే అనుకున్నాను. ఆ మనిషి మీద నాకు తప్ప ఇంకెవరికీ హక్కు లేదనుకున్నాను.

ఏడాది తేడాతో ఇద్దరం రిటైరయ్యాం. వాడు తాళాల దుకాణంలో కూర్చున్నాడు. నేను అచ్యుతాపురంలో ఓ ఫ్యాక్టరీకి సెక్యూరిటీ. తీరిక దొరికితే మిలిటరీ క్యాంటీన్ కోటా రమ్ము ముందు పెట్టుకుని పోస్టు కబుర్లు. కబుర్లు తగ్గాయి, రమ్ము పెరిగింది. వాడికి చెవుల్లో సెట్ గుయ్యిమంటూనే ఉండేది. నిద్ర లేదు. తాళంచెవి అరగదీస్తుంటే ఆకురాయి చేతిలోంచి జారిపోయేది. అన్నీ చూశాను. చూస్తూనే పోశాను.

ఓ వేసవి మధ్యాహ్నం వాడు దుకాణం మూసి, నడుచుకుంటూ వచ్చి కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన కూర్చున్నాడు. మా ఇంటికి అక్కడి నుంచి పది నిమిషాలు. నా ఫోన్‌లో వాడివి మూడు మిస్డ్ కాల్స్. నైట్ డ్యూటీ దిగి, నాలుగు పెగ్గులేసి పడుకున్నాను. పోర్టులో షిఫ్టు ముగించుకుని ఇంటికెళ్తున్న ఓ క్రేన్ డ్రైవర్ బండి ఆపి, వాడి పక్కన రెండు గంటలు కూర్చున్నాడట. తర్వాత టైలర్ షాపు మీది గదికి తీసుకెళ్ళాడట. తాగుడు మానినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు అక్కడ కలుస్తారు. డాక్టర్ అవసరమైతే పెద్దాసుపత్రికి వెంట వెళ్ళి లైన్లో నిలబడతారు.

ఇదంతా నాకు పంతొమ్మిది రోజుల తర్వాత వాడి భార్య చెప్పింది.

"మీకు సెప్పొద్దన్నారన్నయ్యా."

"ఏం?"

"మీరొత్తే సీసా వత్తాది గదా."

పెళ్ళాన్ని అనుమానించే మొగుడిలా నాలుగు రోజులు టైలర్ షాపు ఎదుట టీ బడ్డీలో నిలబడ్డాను. మెట్లు దిగుతూ కనిపించాడు క్రేన్ డ్రైవర్. పొట్టివాడు, బట్టతల. చెయ్యి మావాడి భుజం మీద. మావాడు పగలబడి నవ్వుతున్నాడు. నా దగ్గర ఎన్నాళ్ళయింది అలా నవ్వి? ఆ చెయ్యి విరిచేద్దామనిపించింది.

ఐదో రోజు సాయంత్రం ఐదు నలభైకి సీసా పేపర్లో చుట్టుకుని దుకాణానికి వెళ్ళాను.

"ఏటి బావా ఇది?"

"మనం పోస్టు నుంచి దిగిన రోజు ఇయాల. ఒక్క పెగ్గు."

అబద్ధం. వాడికీ తెలుసు. సీసా వైపు చాలాసేపు చూశాడు. లోపలికెళ్ళి రెండు స్టీలు గ్లాసులు తెచ్చాడు. నాకు సంతోషమేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, గెలిచాననుకున్నాను.

ఆరింటికి ఫోన్ మోగింది. వాడు స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు.

"పాదాలు?" అంది అవతలి గొంతు.

చెప్పుతో కొట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. మంచులోంచి మా ఇద్దరికీ మిగిలిన మాట అది. తీసుకెళ్ళి ఆ బట్టతలవాడికి ఇచ్చేశాడు.

"ఓకే కాదు," అన్నాడు వైర్‌లెస్. "ఎదురుగా సీసా ఉంది. గలాసులు నానే తెచ్చీసినాను."

"సీసా ఎవులు తెచ్చినారు?"

"నా జతగాడు. మంచులో నా కాలు కాసినోడు."

క్రేన్ డ్రైవర్ అడిగాడు.

"మరి ఆయన కాళ్ళు ఎవులు సూత్తన్నారు?"

"నావి ఓకే!" అని అరిచాను. వీధిలో వెళ్ళేవాళ్ళు తిరిగి చూశారు.

వైర్‌లెస్ బల్ల చుట్టూ తిరిగొచ్చి నేల మీద కూర్చున్నాడు. నా డ్యూటీ బూటు లేసు పట్టుకున్నాడు.

"ఓకే అన్నాను గదా. ఒగ్గీ బావా."

"ఇప్పు ముందు."

ఇప్పుడు నేనూ ఆ మెట్లు ఎక్కుతున్నాను. గదిలో టీ గ్లాసులు కడిగే డ్యూటీ నాది. రెండుసార్లు జారాను, మళ్ళీ తాగాను. రెండుసార్లూ ఫోన్లో "ఓకే కాదు" అని చెప్పాను. క్రేన్ డ్రైవర్ ఆరింటికి మొదట వాడికి ఫోన్ చేస్తాడు, తర్వాత నాకు. ఎందుకలా అని అడిగేశాను. "సీనియారిటీ బావా," అన్నాడు. ఆ మనిషంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే. ఆరు దాటి రెండు నిమిషాలైనా ఫోన్ రాకపోతే మాత్రం వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడతాను.

మంచు నాకు కలలోకి రాదు. ఆ దుకాణం నేల వస్తుంది. నెరిసిన తల వంచి వాడు నా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతున్నాడు, రక్తం తిరిగొచ్చేదాకా ఆగి రెండోది పట్టుకుంటున్నాడు. పక్కన వాడి ఎడమకాలు, గోళ్ళు లేని ఆ రెండు వేళ్ళు. బల్ల మీద ఫోన్ ఇంకా వెలుగుతోంది. అవతలి మనిషి లైన్ కట్ చెయ్యలేదు.